ఊరు మారడానికి మాకు పట్టిన ఏడాది: మియాపూర్ నుంచి పర్లాకిమిడి

ఊరు మారిపోదామన్న మాట మా ఇంట్లో మొదటిసారి వచ్చింది 2023 దీపావళి మర్నాడు. సామాను పర్లాకిమిడిలో దిగింది 2024 నవంబరు 17న. ఈ మధ్యలో నాలుగు ఊళ్ళు చూశాం. ఒక ఊళ్ళో నెల రోజులు అద్దెకుండి చూశాం. లక్షా అరవై వేల దాకా ఖర్చుపెట్టాం. కనీసం మూడుసార్లు "ఇంక వద్దులే, ఇక్కడే ఉందాం" అనుకున్నాం. ఇప్పటికీ ఫోను చేసినవాళ్ళంతా "ఒడిశాలో ఏముందని వెళ్ళారు?" అనే అడుగుతున్నారు. ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

మా ఇంట్లో నలుగురం. మా ఆయన ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి, 55 ఏళ్ళకే సెటిల్మెంట్ తీసుకొని బయటికొచ్చేశారు. నాది మెడికల్ కోడింగ్, ఇంటి నుంచే పని. అబ్బాయి హాస్టల్లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అత్తయ్యకు 76. హైదరాబాదు మియాపూర్‌లో ఐదో అంతస్తు ఫ్లాటు, అద్దె 24,000, మెయింటెనెన్స్ 3,200. అత్తయ్యకు లిఫ్టంటే భయం, మెట్లంటే మోకాళ్ళ నొప్పి. అందుకని నెలలో రెండుసార్లు డాక్టరు దగ్గరికి తప్ప గడప దాటేవారు కాదు. ఆ దీపావళికి మేం కింద టపాసులు కాల్చుకుంటుంటే ఆవిడ పైనుంచి చూశారు. మర్నాడు మా ఆయన, "జీతమే లేనప్పుడు ఈ ఊళ్ళో మనకి పనేటి?" అన్నారు. అదీ మొదలు.

సొంతూరు వెళ్ళొచ్చుగా అంటారు. మాది పాలకొండ వైపు. శ్రీకాకుళంలో మాకు నలభై ఇళ్ళ చుట్టరికం. ఏ పెళ్ళికి వెళ్ళకపోయినా మాట, వెళితే ఖర్చు. విశాఖ అద్దెలు హైదరాబాదుకు ఏమీ తీసిపోలేదు. మాకు కావలసింది చుట్టాలకు మరీ దూరం కాని, వాళ్ళు పొద్దున్నే కాఫీకి వచ్చేయలేని చోటు. అలా చూపు సరిహద్దు దాటి ఒడిశా వైపు మళ్ళింది.

పాత క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు మా షరతులు రాసుకున్నాం. నెట్ బాగుండాలి. అద్దె పది వేల లోపుండాలి. గుండె డాక్టరు గంట ప్రయాణంలో దొరకాలి. రైల్వే స్టేషన్ ఉండాలి. కూరగాయలకు నడిచి వెళ్ళగలగాలి. చెవిన తెలుగు పడాలి. ఇవి ఇద్దరివీ. మా ఆయనకు పొద్దున్న నడవడానికి ఒక ఏరో చెరువో కావాలి. నాకు రాత్రి పది దాటాక హారన్లు వినపడకూడదు. అత్తయ్యనడిగితే, "నాదేటుంది, మీరెక్కడుంటే అక్కడే" అన్నారు. ఎనిమిది షరతులు, ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం 40. ఆవిడ పేరున ఒక్క షరతూ లేదు. అది ఎంత పొరపాటో అప్పుడు తెలియలేదు.

2024 జనవరిలో బరంపురం వెళ్ళాం. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో దిగి, నాలుగు రోజులు లాడ్జిలో ఉన్నాం, రోజుకు 1,100. అత్తయ్య చిన్నతనం గడిచింది అక్కడే. వాళ్ళ నాన్నగారు పట్టుచీరల కొట్లో గుమాస్తా. మాకైతే ఈ ఊరే ఖాయం అనిపించింది. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, చెన్నై, హౌరా రైళ్ళు ఉన్నాయి, గోపాలపూర్ సముద్రం దగ్గర. పాత బరంపురంలో తెలుగుకు లోటే లేదు. కానీ కొత్త కాలనీల్లో మాకు చూపించిన ఫ్లాట్లన్నీ మియాపూర్‌ని చిన్నగా మడిచి పెట్టినట్టున్నాయి. అద్దె 11 నుంచి 13 వేలు, బ్రోకరుకు ఒక నెల అద్దె అదనం. చూసిన ప్రతి ఇంట్లోనూ ఒక మాట మాత్రం తప్పకుండా వచ్చేది, ఫైలిన్ తుఫాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఏ కిటికీ ఊడిందో, ఏ ట్యాంకు ఎక్కడ తేలిందో వేలుపెట్టి చూపించేవారు. హైదరాబాదులో ఇల్లు చూస్తే పార్కింగు గురించి అడుగుతాం. ఇక్కడ కిటికీల గెడలు చూడాలని ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నాం.

అత్తయ్య వాళ్ళ నాన్నగారి కొట్టు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ షాపు. ఆవిడ ఆ షాపు ముందు కాసేపు నిలబడి, "పదండి" అన్నారు. తిరుగు రైల్లో ఎక్కువ మాట్లాడలేదు. మేం మాత్రం ఆ రాత్రే బరంపురానికి 31 మార్కులు వేసేశాం.

ఫిబ్రవరిలో విజయనగరం నుంచి రైల్లో రాయగడ వెళ్ళాం. నాగావళి ఒడ్డు మా ఆయనకు నచ్చింది. మజ్జిగౌరమ్మ దర్శనం అత్తయ్యకు నచ్చింది. మాకు అందే అద్దెలో దొరికిన ఇళ్ళు రెండూ పెద్దరోడ్డు మీదే. రాత్రంతా లారీలు. 27 మార్కులు. రెండు రోజుల్లో తేల్చేశాం.

అదే తిరుగుడులో కారు మాట్లాడుకొని సాలూరు, సుంకి ఘాటు, కొరాపుట్ మీదుగా జయపురం. నిజం చెప్పాలంటే ఈ నాలుగింటిలో నాకు బాగా నచ్చిన ఊరు అదే. ఫిబ్రవరి చలి, బజార్లో కొరాపుట్ కాఫీ గింజలు, సన్నగా నల్లగా జీలకర్రలాగే ఉండే కలాజీరా బియ్యం. కిరాణా కొట్లో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు. మా ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సైన్సు కాలేజీ పేరులో జయపురం రాజు విక్రమదేవ వర్మగారి పేరుంది. రెండేళ్ళపాటు రోజూ ఆ బోర్డు కింద నుంచే లోపలికి వెళ్ళిన మనిషికి, ఆ జయపురం ఇదేనని అక్కడికి వెళ్ళాకే తెలిసింది! కోట గోడ దగ్గర ఫొటో దిగారు. కానీ ఆ ఘాటు రోడ్డులో అత్తయ్య మూడుసార్లు కారు ఆపించారు. మూడోసారి రాయి మీద కూర్చొని, నోరు కడుక్కొని, "ఈ దారి నన్ను ఒక్కసారే తీసుకురండి" అన్నారు. ఇంక ఆ మాట తర్వాత మాట్లాడేదేముంది. 28 మార్కులు వేసి పక్కన పెట్టాం.

పర్లాకిమిడి అసలు మా జాబితాలో లేదు. ఏప్రిల్లో పాతపట్నంలో మా ఆయన తరఫు పెళ్ళికి వెళ్ళాం. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది, భోజనాలకు మూడు గంటల టైముంది. నీలమణి దుర్గమ్మ గుడి చూసుకొని వస్తుంటే ఆటో అతను, "పర్లాకిమిడి ఎల్తారా, పది నిమిషాలు" అన్నాడు. రాష్ట్రం మారిందని బోర్డుల మీది లిపి మారితే తెలిసింది, అంతే.

కూరగాయల బజార్లో దిగాం. అత్తయ్య ఒక కొండ మనిషి దగ్గర ఆకాకరకాయల ముందు కూర్చున్నారు. కూర్చోవడమంటే మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, గొంతుక్కూర్చున్నారు. తెలుగులో ధర అడిగారు, ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు అత్తయ్య ఒడియాలో అందుకున్నారు. బేరం మొదలై, ఆమె కూతురు పెళ్ళి దాకా వెళ్ళి, మళ్ళీ బేరానికొచ్చింది. నా పెళ్ళయి 24 ఏళ్ళు. ఆవిడ నోట ఒడియా వినడం నాకదే మొదలు. బరంపురంలో కలిసినవాళ్ళంతా తెలుగువాళ్ళే, అవసరం పడలేదు. "మీకింత బాగా వచ్చా?" అంటే, "ఎవరడిగారు?" అన్నారు, కాయలు కొంగులో వేసుకుంటూ.

జూన్ 3 నుంచి జూలై 2 దాకా పర్లాకిమిడిలో నెల రోజులకు రెండు గదుల మేడ అద్దెకు తీసుకున్నాం, 6,000కి. అందరూ డిసెంబర్లో రమ్మన్నారు. ఊరిని దాని చెడ్డకాలంలో చూస్తేనే తెలుస్తుందని మేం కావాలనే జూన్ ఎంచుకున్నాం. ఈ ఒక్క పని మాత్రం తెలివైంది. ఎవరు ఊరు మారుతున్నా ఇది చేయండి. ప్రయాణాలు, అద్దె, వంటసామాను అన్నీ కలిపి 27,000 అయింది. తర్వాత తప్పించుకున్న పొరపాట్లతో పోలిస్తే అది చవకే.

వచ్చేటప్పుడే మొదటి పాఠం. అత్తయ్య పినతల్లి కూతురిని చూడాలంటే బరంపురంలో దిగి, బస్టాండుకు వచ్చాం. పర్లాకిమిడి బస్సు కోసం గంటన్నర కూర్చున్నాం. "పారళా, పారళా" అని అరుచుకుంటూ రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడోది కదులుతుంటే మా ఆయన విసుగ్గా, "ఎంతసేపూ ఆ పారళా బస్సులేనా, మనది రాదా?" అన్నారు. బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న అత్తయ్య కళ్ళు తెరిచి, "పారళా అంటే పర్లాకిమిడే కదురా" అన్నారు. ఒడియావాళ్ళు ఆ ఊరిని అలాగే పిలుస్తారట. ముందే చెప్పొచ్చుగా అంటే మళ్ళీ అదే జవాబు, ఎవరడిగారని.

ఆ నెలలో రోజూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. కరెంటు 30 రోజుల్లో 37 సార్లు పోయింది. అన్నిటికన్నా ఎక్కువసేపు పోయింది 3 గంటల 20 నిమిషాలు, అది కూడా నా షిఫ్టులోనే. ఫోను హాట్‌స్పాట్ మేడ మీద బాగానే వచ్చింది, కింద వంటగదిలో రాలేదు. పని ఆరుసార్లు ఆగింది, రెండుసార్లు టీమ్ లీడర్‌తో మాట పడ్డాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వీధిలో కుక్క కూడా కదలదు. రాత్రి ఎనిమిదిన్నరకు కొట్లు మూసేస్తారు. నాకు అలవాటైన కాఫీ పొడి ఊరంతా తిరిగినా దొరకలేదు. దోమల సంగతి చెప్పను.

మూడో వారంలో ఒక రాత్రి అత్తయ్యకు కళ్ళు తిరిగాయి. జిల్లా ఆసుపత్రికి ఆటోలో ఏడు నిమిషాల్లో చేరాం. చూశారు, ఈసీజీ తీశారు, ప్రస్తుతానికి భయం లేదు గానీ గుండె డాక్టరుకు చూపించమన్నారు. మర్నాడు కారులో శ్రీకాకుళం, వెళ్ళిరావడానికి 2,800, ఒకవైపే గంటా నలభై అయిదు నిమిషాలు. చివరికి తేలింది ఎండకు ఉప్పు తగ్గిందని. కానీ ఆ గంటా నలభై అయిదు నిమిషాలూ కారు వెనకసీట్లో ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. నాకు క్యాలెండరు కాగితం మీది మూడో షరతు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. ఆ రాత్రి మా ఆయనతో, "ఈ ఊరు కాదు" అన్నాను. ఆయన కూడా తలూపారు.

ఇంకో సంగతి, అంతకుముందు వారానిది. జూన్ నడుమ ఒడియావాళ్ళకు రజ పండుగ, వాళ్ళు రొజొ అంటారు. మూడు రోజులు భూమికి విశ్రాంతి, దున్నకూడదు. ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకొని ఉయ్యాలలూగుతారు. మా ఎదురింటి మామిడిచెట్టుకు మోకు కట్టి, గోనెసంచి మడిచి పీటగా వేశారు. పదేళ్ళ పిల్ల ఒకతి మా మెట్ల కింద నిలబడి, "మామ్మా, ఎక్కుతావేటి?" అని తెలుగులో కేక వేసింది. మేం వద్దనేలోపే అత్తయ్య మెట్లు దిగిపోయారు. రెయిలింగు పట్టుకొని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, పద్దెనిమిది మెట్లు. మియాపూర్‌లో లిఫ్టు చెడినప్పుడు కూడా దిగని మనిషి. ఉయ్యాల మీద కూర్చొని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, కాలి బొటనవేలితో నేలను తన్నారు. పెద్దగా ఊగలేదు. ఆ పిల్ల వెనక నుంచి తొయ్యబోతే, "నువ్వు నిలబడు, నాకు తెలుసు" అని కసిరారు.

జూలైలో హైదరాబాదు తిరిగొచ్చి కాగితం ముందు పెట్టుకున్నాం. పర్లాకిమిడికి 24. అన్నిటికన్నా ఆఖరు. బరంపురానికి అడ్వాన్సు కట్టేద్దామని బ్రోకరుకు ఫోను చేయబోతుంటే అత్తయ్య గదిలోంచి, "మళ్ళీ ఎప్పుడెళ్తాం?" అన్నారు. ఎక్కడికని అడిగితే, "పారళా" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బరంపురం ఆవిడ పుట్టినూరు కదా అన్నాను. "అక్కడ మా పిన్ని కూతురు తప్ప నాకు తెలిసినవాళ్ళు ఎవరున్నారు, అందరూ పోయారు. పారళాలోనైతే తెలుస్తున్నారు" అన్నారు.

వెంటనే ఒప్పుకోలేదు. మూడు వారాలు నానింది. గుండె డాక్టరు సంగతే నన్ను పీకింది. చివరికి హైదరాబాదులో మా డాక్టరునే అడిగాం. రిపోర్టులన్నీ చూసి, మూడు నెలలకోసారి చూపిస్తే చాలన్నారు, రాత్రివేళ ఏమైనా జరిగితే ముందు దగ్గరి ఆసుపత్రికే వెళ్ళాలి, మియాపూర్లోనైనా అంతే అన్నారు. ఆ మాటతో టెన్షన్ పూర్తిగా పోలేదు. ఇప్పటికీ పోలేదు. కానీ ఆగస్టు 9న నిర్ణయం అయిపోయింది.

ఇల్లు వెతకడం అసలైన పని. ఈ ఊళ్ళో అద్దె ఇళ్ళు ఫోన్లో దొరకవు. నెల రోజులు హైదరాబాదు నుంచి ప్రయత్నించి, సెప్టెంబర్లో అయిదు రోజులు వచ్చి కాలినడకన తిరిగాం. పదమూడు ఇళ్ళు చూశాం. కులం అడగకుండా ఇల్లు చూపించినవాళ్ళు ఇద్దరే. పెద్ద నగరం వదిలి చిన్న ఊరు వెళ్ళేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. మనకు నచ్చే పలకరింపులూ, మనకు నచ్చని ప్రశ్నలూ ఒకే నోటి నుంచి వస్తాయి. ఒక ఇల్లు చాలా బాగుంది, గానీ వరండా పైన రేకులు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను ఈ జిల్లాను ఏం చేసిందో అప్పటికే పదిమంది చెప్పి ఉన్నారు. వద్దనుకున్నాం. కులం అడగని ఆ ఇద్దరిలో ఒకరి ఇల్లే తీసుకున్నాం. స్లాబు ఇల్లు, కింద వాటా, మూడు గదులు, పెరట్లో నుయ్యి, ములగచెట్టు. అద్దె 7,500, రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు.

అగ్రిమెంటు ఒడియాలో టైపు చేసి తెచ్చారు. అత్తయ్యకు ఇచ్చాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకొని, కాగితం కాసేపు దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని, మా ఆయనకు తిరిగిచ్చేశారు. మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆవిడ చదివింది తెలుగు బడిలో, అదీ అయిదో తరగతి దాకా. కోర్టు దగ్గర ఒక గుమాస్తాకు 300 ఇచ్చి చదివించుకున్నాం. ఆ రోజే నేను ఒడియా అక్షరాలు మొదలుపెట్టాను. మన అక్షరాలకు తలకట్టు ఉన్నట్టు వాటికి గొడుగు ఉంటుంది. గొడుగు వదిలేసి కింద ఏముందో చూడాలి. రెండు వారాలకు బస్సు బోర్డు మీద 'పా-ర-ళా' అని కూడబలుక్కున్నాను.

ఇక కాగితాల గోల. బండికి వేరే రాష్ట్రం వెళ్ళడానికి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. హైదరాబాదులో దరఖాస్తు పెట్టాక 23 రోజులకు వచ్చింది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాల్సిందే, తప్పదు. ఇక్కడ పన్ను, ఫీజులు కలిపి కారుకీ స్కూటరుకీ 16,800 అయింది, ఓడీ 20 నంబరు ఫిబ్రవరిలో వచ్చింది. అక్కడ ముందే కట్టిన పన్నులో తిరిగి రావలసిన ముక్క ఇంకా రాలేదు. గ్యాసుకైతే సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి 'టీవీ' తెచ్చుకోమన్నారు. మా ఆయన ఒక క్షణం ఇంట్లో టీవీ కూడా ఇచ్చేయాలేమో అన్నట్టు చూశారు. అది వోచరు కాగితం. ఇక్కడ కొత్త కనెక్షనుకు అదే ఆధారం, ఎక్కడా పోగొట్టుకోవద్దు.

ఆధార్ దగ్గర తెలియక ఒక నెల పోయింది. అగ్రిమెంటు మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన చిరునామా మారింది. మరి నాకు, అత్తయ్యకు ఏ ఆధారమూ లేదు. ఇంటి పెద్ద ఆధార్ చూపించి మిగతావాళ్ళ చిరునామా మార్చుకునే పద్ధతి ఉందని ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో రుసుము (అప్పట్లో 50 రూపాయలు) కట్టాక, ఇంటి పెద్ద 30 రోజుల్లో తన లాగిన్‌లో సరేనని నొక్కాలి. మా ఆయన నొక్కడం మరిచిపోయారు. మళ్ళీ 50.

లారీ సంగతి చెప్పకుండా ఎలా? ప్యాకర్లు మొదట 62,000 అన్నారు, 48,000కి కుదిరింది. 'పర్లాకిమిడి ఇంటి గుమ్మం దాకా' అని కాగితం మీద రాయించుకున్నాం. 17వ తేదీ పొద్దున్న డ్రైవరు ఫోను చేశాడు. బండి పాతపట్నంలో ఆపేశాడట. ఒడిశా పర్మిట్ లేదు, ముందుకెళ్ళాలంటే ఇంకో 6,000 కావాలట. ఆఫీసుకు ఫోను చేస్తే ఆదివారం, ఎవరూ ఎత్తరు. మా ఆయన రెండు గంటలు వాదించారు. చివరికి సామాను అక్కడే రోడ్డు పక్కన దింపేశారు. పాతికేళ్ళ సంసారం, బీరువా, పరుపులు, ఫ్రిజ్, తులసికోట, అన్నీ చింతచెట్టు కింద. రెండు చిన్న ట్రాలీ ఆటోలు మాట్లాడుకొని, అయిదు ట్రిప్పుల్లో రాష్ట్రం దాటించాం, 3,400. దింపేటప్పుడు ఎదురింటి ఆవిడ గేటు మీద చేతులు పెట్టుకొని, "ఏటమ్మా, హైదరాబాదు నుంచి ఆటోలోనే ఒచ్చీసినారేటి?" అంది. అప్పుడు నవ్వు రాలేదు. రాత్రి వచ్చింది. ఫ్రిజ్ తలుపు సొట్ట పోయింది, దానికి డబ్బు అడిగి అడిగి మానేశాం.

ఇన్వర్టరు 23,000 పెట్టి మొదటి వారమే కొన్నాం. బ్రాడ్‌బ్యాండ్ రావడానికి 11 రోజులు. అది వచ్చేదాకా రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకొని పెరట్లో నూతి గట్టు పక్కన కూర్చొని పనిచేశాను, సిగ్నల్ అక్కడే బాగుండేది.

దిగిన నాలుగు రోజులకు లక్ష్మివారం. పొద్దున్నే తలుపు తీస్తే వీధంతా బియ్యప్పిండి ముగ్గులు. గడప నుంచి లోపలికి చిన్న చిన్న లక్ష్మి పాదాలు. మార్గశిర లక్ష్మివారం నోమని చెప్పారు. అత్తయ్య కంగారుపడ్డారు. మన పంచాంగం ప్రకారం ఇంకా కార్తీకమే, అమావాస్య రానేలేదు. తిథులు మరిచిపోయే వయసొచ్చేసిందేమోనని ఆవిడ భయం. ఎదురింటావిడతో ఒడియాలో మాట్లాడి తేల్చుకున్నారు. వాళ్ళకు నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. అందుకని వాళ్ళ మార్గశిరం మనకన్నా పదిహేను రోజులు ముందు వచ్చేస్తుంది. చిన్నప్పుడు బరంపురంలో ఇలాగే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. నానబెట్టిన బియ్యం నూరి, మూడు వేళ్ళు ముంచి, మా గడప మీద మొదటి పాదం వేశారు. వంగలేక పీట మీద కూర్చొని వేశారు కాబట్టి పాదం కొంచెం వంకర తిరిగింది. నవంబరు 21 నుంచి వాళ్ళతో నాలుగు, మన లెక్కన ఇంకో రెండు కలిపి డిసెంబరు 26 దాకా ఆరు లక్ష్మివారాలు చేశారు.

ఇప్పుడు సెప్టెంబరు 2025. వచ్చి పది నెలలయింది. నెల ఖర్చు మియాపూర్‌లో 61,000 అయ్యేది, ఇక్కడ 34,000 దాటడంలేదు. పోయినవి కూడా చెప్పాలి. నా స్నేహితులు పోయారు, ఫోన్లోనే. అబ్బాయి సెలవులకొస్తే మూడో రోజుకే విసుగు. తెలుగు చెవినిండా వినిపిస్తుంది గానీ, తెలుగు బోర్డు కనిపించదు. ఆ ఉయ్యాల పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది, నేను పేపరు ఇస్తే బొమ్మలు చూసి తిరిగిచ్చేస్తుంది. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసొప్పక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, ఆ పిల్లకు 'అ' రాయించాను. ఆయన వదిలి వెళ్ళిన ఊరికి ఎదురొచ్చి చేరినదాన్ని, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలాగని. దాని బదులు అది నా ఒడియా దిద్దుతోంది. మా ఆయన పొద్దున్న మహేంద్రతనయ వైపు నడిచివస్తారు. అత్తయ్యను శ్రీకాకుళం నాలుగుసార్లు తీసుకెళ్ళాం, ఒకసారి భయపడుతూ, మూడుసార్లు మామూలుగా.

అక్టోబరు నడుమకు అగ్రిమెంటు అయిపోతుంది. పోయిన వారం ఇంటాయన వచ్చి వరండాలో కూర్చున్నారు. మా ఆయన గొంతు సవరించుకొని హిందీలో మొదలుపెట్టబోతుంటే, అత్తయ్య పప్పు ఏరుతున్న చాట పక్కన పెట్టి, ఒడియాలో గబగబా ఏదో అన్నారు. ఆయన ఏదో అన్నారు. ఈవిడ ఇంకా గట్టిగా ఏదో అన్నారు. ఆయన నవ్వి, టీ తాగి వెళ్ళిపోయారు. నాకు నాలుగు మాటల్లో ఒకటి అర్థమైంది.

"ఏమంటారు?" అని అడిగాను.

"అయిదు వందలు పెంచుతాడట. నూతి గట్టు బాగుచేయిస్తే రెండొందలు ఇస్తామన్నాను" అని, మళ్ళీ చాట దగ్గరికి లాక్కున్నారు.